మెడ మీద బిళ్లకు సూది చాలదా?

భోకర్ నుంచి ఒక పాఠకుడి ప్రశ్న: "మా నాన్నకు మెడ పక్కన బిళ్ల కట్టి నాలుగు నెలలైంది. సూది పెట్టి చూసి టీబీ కావచ్చన్నారు. మందులు వాడుతున్నా తగ్గలేదు. ఇప్పుడు బిళ్ల మొత్తం కోసి తీసి పరీక్షకు పంపాలంటున్నారు. సూదితో తేలనిది కత్తితో తేలుతుందా?"

చాలావరకు తేలుతుంది. మెడ చుట్టూ బిళ్లలు దండలా లేస్తే మన పాతవాళ్లు గండమాల అన్నారు. మీ పక్కింటి మరాఠీవాళ్లదీ దాదాపు అదే మాట. టీబీ అయినా, లింఫోమా అనే క్యాన్సర్ అయినా పైకి కనిపించేది ఆ గండమాలే. సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం రెండింటిలోనూ ఉండొచ్చు. మన దగ్గర టీబీ ఎక్కువ కాబట్టి డాక్టరు ముందు దాన్నే అనుమానించడంలో తప్పేం లేదు. మందులకు లొంగకపోయినా అదే పట్టుకుని కూర్చుంటేనే చిక్కు.

ఈ తికమక ఉద్దండులకూ తప్పలేదు. ఇలాంటి గడ్డల గురించి లండన్ వైద్యుడు థామస్ హాడ్జ్‌కిన్ 1832లోనే రాశాడు. 1898లో కార్ల్ స్టెర్న్‌బర్గ్ వాటిలోని పెద్ద పెద్ద కణాలను చక్కగా వర్ణించి, చివరికి ఇది టీబీలోనే ఒక వింత రకమని పొరబడ్డాడు. 1902లో అమెరికాలో డొరొతీ రీడ్ అనే యువ వైద్యురాలు అది వేరు, ఇది వేరు అని వాదించింది. ఆమెదే నిజమైంది. గుడ్లగూబ కళ్లలా రెండు కేంద్రకాలతో కనిపించే ఆ కణాలకు ఇద్దరి పేర్లూ కలిపి పెట్టారు.

ఇప్పుడు సూది సంగతి. మీ ఊరి వారపు సంతనే తీసుకోండి. కూరగాయలు ఒక వరస, బట్టలు ఒక వరస, మేకలు ఒక మూల. ఆ సంతలోంచి నలుగురిని చెయ్యి పట్టి బయటికి లాగితే సంత ఎలా ఉందో తెలుస్తుందా? సూది చేసేది అదే. లింఫోమాలో కణం ముఖం ఎంత ముఖ్యమో, ఏ వరస చెదిరింది, ఎవరు ఎవరి చోటు ఆక్రమించారన్నదీ అంతే ముఖ్యం. హాడ్జ్‌కిన్ రకంలో ఇంకో తిరకాసు ఉంది. గడ్డలో అసలు దొంగలు చాలాసార్లు నూటికి ఒకరో ఇద్దరో. మిగతా అంతా చుట్టూ చేరిన జనం. పైగా ఆ జనం ఒక్కోసారి టీబీలోలాగే గుంపులు కడతారు. సూదికి ఆ గుంపే చిక్కితే "టీబీ కావచ్చు" అనే రిపోర్టు వస్తుంది.

తీసిన బిళ్లను ఏం చేస్తారు? రెండుగా కోసి, దానికి పదింతల ఫార్మలిన్‌లో వేస్తారు. టీబీ అనుమానం ఇంకా ఉంటే ఒక చిన్న ముక్కను సెలైన్‌లో విడిగా ఉంచాలి, ఫార్మలిన్‌లో పడితే క్రిమి చచ్చిపోతుంది, కల్చర్‌కు పనికిరాదు. తర్వాత ముక్కను మైనంలో పోసి బ్లాకు చేస్తారు. దాన్నుంచి వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు పొరలు తీసి ఊదా, గులాబీ రంగులు వేస్తారు. అయినా తేలకపోతే ఒక్కో పొర మీద ఒక్కో యాంటీబాడీ వేసి చూస్తారు. సీడీ20 వేసినప్పుడు కణాల అంచులు గోధుమ రంగు తేలాయా, బీ రకం. సీడీ3కి తేలితే టీ రకం. సీడీ30, సీడీ15 హాడ్జ్‌కిన్ వైపు వేలు చూపిస్తాయి. రిపోర్టుకు వారం, పది రోజులు పట్టేది ఇందుకే.

ఇంత చీల్చి చూడటం దేనికంటారా? ముంబై టాటా మెమోరియల్‌ ఆస్పత్రి నుంచి పాథాలజిస్టు కిక్కేరి నరేశ్, సహచరులు 2000లో ఒక పరిశోధన ప్రచురించారు. 2,773 లింఫోమాలను రకాలవారీగా విడదీశారు. హాడ్జ్‌కిన్ కానివాటిలో దాదాపు 79 శాతం బీ రకం, 16 శాతం టీ రకం. ఒక్క డిఫ్యూజ్ లార్జ్ బీ సెల్ అన్నదే 34 శాతం. రిటుక్సిమాబ్ అనే మందు సీడీ20ని పట్టుకుని పనిచేస్తుంది. సీడీ20 లేని టీ రకానికి అది ఎక్కిస్తే డబ్బు దండగ, కాలం దండగ.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. బయాప్సీకి ముందు వాపు తగ్గాలని ఎవరైనా స్టెరాయిడ్ ఇస్తే ఒప్పుకోకండి. బిళ్ల మంచులా కరుగుతుంది, ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. కొన్ని వారాలకు మళ్లీ లేస్తుంది. ఆ మధ్యలో ముక్క తీస్తే చచ్చిన కణాలే కనిపిస్తాయి, పాథాలజిస్టు చేతులెత్తేస్తాడు.

నాందేడ్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. రెండో అభిప్రాయానికి హైదరాబాద్ వెళ్లాలనుకుంటే మీ స్టేషన్ మీదుగానే కృష్ణా ఎక్స్‌ప్రెస్ పోతుంది. వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళ్లకండి. గాజు స్లైడ్లు, బ్లాకులు ల్యాబులో అడిగి తీసుకోండి. కొత్త డాక్టరు మళ్లీ పొరలు తీయాలంటే బ్లాకు కావాలి, లేదంటే మీ నాన్నకు ఇంకోసారి కోత. బ్లాకు మైనం ముద్ద కదా, వేసవిలో బండి డిక్కీలో మాత్రం పెట్టకండి.