వద్దంటే సిగ్గుపడాలా?

ఒక్క రూపాయే కదా అంటూ ఫోన్ చెయ్యి చాపుతోంది. మనవాళ్లకు ఇవ్వడం కొత్త కాదు. అడిగే తీరే కొత్తది.

వరదలప్పుడు బెజవాడను ఆదుకున్న తీరు, ఫోన్లో దానం చేయించే యాప్‌లు... ఈ రెండూ కలిపి కవర్‌స్టోరీ రాయమన్నారు ఎడిటర్‌గారు. గురువారం రాత్రికల్లా పేజీలు వెళ్లిపోవాలి. ఏ కంపెనీ ఎప్పుడు పుట్టింది, ఎవరు పెట్టారు అన్న వివరాలు ఇట్టే దొరికాయి. ఆ వెతుకులాటలో కంటబడిన ఒక గెజిట్ నోటిఫికేషన్ మాత్రం ఇక వేరే పని చెయ్యనివ్వలేదు.

2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ (సీసీపీఏ) జారీ చేసిన మార్గదర్శకాలవి. యాప్‌లలో, వెబ్‌సైట్లలో కొనేవాళ్లను ఏమార్చే ఎత్తుగడలకు డార్క్ ప్యాటర్న్స్ అని పేరు. అలాంటివి 13 రకాలు ఏరి, ఒక్కోదానికీ నిర్వచనం, చాలావాటికి ఉదాహరణలు ఇచ్చి, ఇవి చెల్లవు పొమ్మంది. ఆఖరి రెండు నిమిషాలే అంటూ తొందరపెట్టడం, సబ్‌స్క్రిప్షన్ రద్దు చేసుకోనివ్వకుండా తిప్పడం లాంటివి అందులో ఉంటాయని ఎవరైనా ఊహిస్తారు. దానం గురించి ఉంటుందనుకోం. ఉంది. ఒకచోట కాదు, రెండు చోట్ల.

జాబితాలో రెండోది బాస్కెట్ స్నీకింగ్. డబ్బు కట్టే చోట, మనల్ని అడక్కుండా ఇంకేదో బిల్లులో చేర్చేసి, కొన్నదానికన్నా ఎక్కువ కట్టించడం. ఆ ఇంకేదో కింద వస్తువులు, సేవలతోపాటు ధర్మకార్యాలకిచ్చే సొమ్మును, విరాళాన్ని పేరు పెట్టి మరీ రాశారు. అడక్కుండా అంటగట్టిన ప్రయాణ బీమా ఎంత తప్పో, అడక్కుండా తీసుకున్న విరాళమూ అంతే తప్పన్నమాట. పుణ్యకార్యం కదా అన్న మినహాయింపేమీ లేదు.

మూడోది ఇంకా ముచ్చటైనది. కన్ఫర్మ్ షేమింగ్... అంటే వద్దన్నవాణ్ని సిగ్గుపడేలా చెయ్యడం. దీనికిచ్చిన ఒక ఉదాహరణ చూడండి. ఒక యాప్ కొనేవాడి అనుమతి లేకుండా బిల్లులో విరాళం కలిపింది. అతను తీసేయబోతే అక్కడ కనిపించే మాటలకు అర్థమిది: దానధర్మాలు డబ్బున్నోళ్లకి, నాకేం పట్టదు. రెండు రూపాయలు మిగుల్చుకోవాలంటే, నాది రాతిగుండె అని మనంతట మనమే ఒప్పుకోవాలి! సర్కారు గెజిట్లో ఇంత నాటకీయమైన సన్నివేశం నేనెప్పుడూ చదవలేదు. రాసిన అధికారి ఎవరోగానీ, అలాంటి బటన్ నొక్కాల్సొచ్చి ఒళ్లు మండి ఉంటుందని నా అనుమానం.

ఈ కాగితం దగ్గర పెట్టుకుని బెంజిసర్కిల్లో కూర్చుని ఒక బిర్యానీ ఆర్డర్ చెయ్యండి. బిర్యానీ ధర, ప్యాకింగు, డెలివరీ, ప్లాట్‌ఫామ్ ఫీజు, జీఎస్టీ... ఇన్ని పద్దుల కింద, ఎక్కడైనా పసిపిల్ల బొమ్మ పక్కన రెండో మూడో రూపాయలు కనిపిస్తే అక్కడ ఆగండి. టిక్కు మీరు పెట్టారా, ముందే పెట్టి ఉందా? మీరు పెడితే అది దానం. ముందే ఉంటే వసూలు. ఆకలి మీదున్నవాడు బిల్లును పైనుంచి కిందిదాకా చదవడని యాప్ తయారుచేసేవాళ్లకు బాగా తెలుసు. వైద్యానికి విరాళాలు పోగుచేసే వేదికల్లో ఇదే మరో వేషం. మేం ఫీజేమీ తీసుకోం అంటూనే, ఇచ్చే మొత్తంలో కొంత శాతాన్ని టిప్ పేరుతో ముందే ఎంపిక చేసి ఉంచే పద్ధతి ఉంది. వెయ్యి ఇద్దామనుకున్నవాడు ఆ గడి చూసుకోకపోతే పైన ఇంకో వందో నూటయాభయ్యో వదులుతాయి.

బుడమేరు చెప్పిన సంగతి

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి బెజవాడ సింగ్‌నగర్ మీద పడ్డప్పుడు ఇలాంటి టిక్కులేవీ అవసరం కాలేదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ముఖ్యమంత్రి చంద్రబాబు కలెక్టరేట్‌లోనే మకాం వేశారు. పవన్ కల్యాణ్, ప్రభాస్, మహేశ్‌బాబు, జూనియర్ ఎన్టీఆర్ లాంటివాళ్లు ప్రకటించిన విరాళాలు వార్తలయ్యాయి. సహాయనిధికి ఫోన్లోంచి వందా రెండొందలూ పంపేవాళ్లు ఎప్పుడూ వార్త కారు. అలా పంపిన డబ్బు చేరడానికి క్షణం చాలు. మంచినీళ్ల సీసా లోపలి వీధికి చేరాలంటే మాత్రం పడవ కావాలి, ట్రాక్టర్ కావాలి, చివరికి డ్రోన్ కూడా కావాల్సొచ్చింది. దానం చేయించే యాప్ సత్తా తేలేది ఈ రెండో సగంలోనే.

అందుకే నా సందేహాలు నాకున్నా ఒక పద్ధతికి మార్కులేస్తాను. హైదరాబాద్‌లో 2016లో మొదలైన డొనేట్‌కార్ట్ మన డబ్బుతో వస్తువు ఇప్పిస్తుంది. 2015 చెన్నై వరదల తర్వాత పుట్టిన ఆలోచన ఇది. సేవాసంస్థకు కావాల్సిన బియ్యం, పప్పు, దుప్పట్లు ధరలతో సహా జాబితాగా ఉంటాయి. మనకు తోచినన్ని ఎంచి డబ్బు కడితే సరుకు ఆ సంస్థకు వెళ్తుంది, చేరిన కబురు దాతకు వస్తుంది. బియ్యానికిచ్చిన డబ్బు బియ్యంగానే మారిందని తెలిస్తే రెండోసారీ ఇవ్వబుద్ధేస్తుంది.

మనవాళ్ల దానాల చరిత్ర క్లుప్తంగా చెప్పేస్తాను. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ఊడ్చేస్తే ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి ఊళ్లు తిరిగారు. అంతకు చాలా ముందే, కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో పుట్టిన అమృతాంజనం కాశీనాథుని నాగేశ్వరరావు అడిగినవాళ్లకల్లా ఇచ్చి విశ్వదాత అనిపించుకున్నారు. ఇక గుళ్లో ఫ్యాను రెక్కల మీద దాతల పేర్లు, బడి గోడకు పాలరాతి ఫలకాలు... వీటికి చరిత్రకారులు అక్కర్లేదు, తలెత్తితే చాలు.

లెక్క తేలిందా అబ్బాయ్?

సిగ్గుపెట్టి అడగడం యాప్‌లు కనిపెట్టిందేమీ కాదు. వినాయకచవితికి చందా పుస్తకం పట్టుకొచ్చే కుర్రాళ్లు, ముందు పక్కింటాయన రాసిన వెయ్యిన్నూటపదహార్ల పేజీయే తెరుస్తారు. చాలామంది ఇంత ఇచ్చారు అంటూ యాప్ చూపించే అంకె కూడా ఆ పేజీ లాంటిదే. కాకపోతే నిమజ్జనం అయ్యాక ఆ కుర్రాడు టీకొట్టు దగ్గర కనిపిస్తే, ఏరా, లెక్క తేలిందా, ఎంత మిగిలిందేంటి అని నిలదీస్తాం. వాడు నసుగుతాడేగానీ తప్పించుకోలేడు. బిర్యానీ మీద రెండు రూపాయలు తీసుకున్న యాప్‌ని ఎక్కడ నిలదీస్తాం? ఏడాదిలో ఎంత పోగైంది, ఎవరికిచ్చారు, ఎంత మిగిలింది అన్నది ఎక్కడో వార్షిక నివేదికలో కాదు, డబ్బు అడిగిన చోటే కనిపించాలి. వద్దనే హక్కు గెజిట్ ఇచ్చింది. ఔనన్నవాడికి లెక్క అడిగే దారి కూడా అంతే సులువుగా ఉండాలి. ఆ దారి లేని చోట టిక్కు తీసెయ్యడానికి నేనైతే సిగ్గుపడను.

ఇంకొన్ని ముచ్చట్లు

• ఐక్యరాజ్యసమితి ప్రపంచ ఆహార కార్యక్రమానికి షేర్ ద మీల్ అనే యాప్ ఉంది. ఆకలితో ఉన్నవాళ్లకు ఒక పూట, ఒక రోజు భోజనం లెక్కన ఇవ్వొచ్చు.

• అమెరికాలో 2012లో వచ్చిన చారిటీ మైల్స్ మన నడకను లెక్కబెడుతుంది. నడిచేది మనం, సొమ్ము స్పాన్సర్లది.

• తిరుమల వెంకన్నకు ఈ-హుండీ ఉంది. కొండెక్కకుండానే మొక్కు చెల్లించొచ్చు.

ఫోన్లో ఇచ్చే ముందు

• యూపీఐ ఐడీని అక్షరం అక్షరం చూసుకోండి. 2020 మార్చిలో పీఎం కేర్స్ పేరుతో వచ్చిన నకిలీ ఐడీలో ఒక్క ఎస్ అక్షరమే తక్కువ.

• విరాళాలపై ఆదాయపు పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. నగదు రూపంలో రూ.2,000 మించి ఇస్తే దానికి మినహాయింపు రాదు, ఫోన్లో పంపితే ఆ బాధ లేదు. రసీదు మాత్రం అడిగి తీసుకోండి.

• టిక్కు ముందే పెట్టి విరాళం లాగారా? జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చెయ్యండి. రెండు రూపాయలకు ఫిర్యాదేంటని మొహమాటపడకండి. ఆ మొహమాటం మీదే వాళ్ల లెక్కంతా నడుస్తోంది.