మూలన పడ్డ కెమెరాకు మళ్లీ ప్రాణం

ఏళ్ల తరబడి బీరువాలో ఉన్న డిజిటల్ కెమెరా మీట నొక్కినా వెలగకపోతే పాడైందనే భావిస్తాం. అనేక సందర్భాల్లో లోపం కెమెరాది కాదు, బ్యాటరీదో కార్డుదో అయి ఉంటుంది.

2000-2005 మధ్య వచ్చిన చిన్న కెమెరాల్లో అనేకం పెన్సిల్ సెల్స్‌తో పనిచేసేవి. వాటిలో గోడగడియారానికి వాడే మామూలు సెల్స్ వేస్తే లెన్స్ బయటికి వచ్చేలోపే ఆగిపోతాయి. లెన్స్ కదలికకు ఒక్కసారిగా కావలసిన కరెంటును ఆ సెల్స్ ఇవ్వలేవు, వోల్టేజి పడిపోతుంది. రీఛార్జి అయ్యే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ 1.2 వోల్టులవే అయినా ఆ భారాన్ని తట్టుకుంటాయి.

లోపలి స్ప్రింగులపై తెల్లని పొర కనిపిస్తే పాత సెల్స్ కారినట్లే. ఆల్కలీన్ సెల్ నుంచి కారేది క్షారం. వెనిగర్‌లో తడిపిన దూదిపుల్లతో తుడిచి, ఆపై స్పిరిట్‌తో శుభ్రపరచి పూర్తిగా ఆరనివ్వాలి.

‘కార్డ్ ఎర్రర్’ అని వస్తే కంగారు వద్దు. ఎస్‌డీహెచ్‌సీ కార్డులు 2006లో వచ్చాయి. అంతకుముందు తయారైన ఎస్‌డీ కెమెరాలు సాధారణంగా 2 జీబీ మించిన కార్డులను చదవలేవు. కొత్తగా కొన్న 32 జీబీ కార్డు వాటికి పనికిరాదు.

పాత కార్డు పెట్టగానే ఫార్మాట్ చేయమంటారా అని కెమెరా అడిగితే మాత్రం ‘అవును’ నొక్కరాదు. నాటి పెళ్లి ఫొటోలకు మరో ప్రతి ఇంట్లో లేకపోవచ్చు! ముందుగా కార్డు రీడర్‌తో వాటిని కంప్యూటరులోకి ఎక్కించుకోవాలి.

మెనూ కనిపిస్తూ, చిత్రం మాత్రం నల్లగానో ఊదారంగు గీతలతోనో వస్తే సెన్సర్ దెబ్బతిన్నదని అనుమానించాలి. అది ఇంట్లో బాగుపడదు. స్క్రూలు విప్పే సాహసం అసలే వద్దు. బ్యాటరీ తీసేసినా ఫ్లాష్ కెపాసిటర్‌లో దాదాపు 300 వోల్టులు నిలిచి ఉండవచ్చు.