ఆటిజము గల బిడ్డలు: తలిదండ్రులకు సహాయము

పేరు పెట్టి పిలిచినను తిరిగి చూడక, కావలసిన వస్తువును వ్రేలితో చూపక, తనలో తానే ఆడుకొనుచుండు బిడ్డ కొన్ని యిండ్లలో నుండును. ఇది బిడ్డ మొండితనము గాదు. తల్లి పెంపకములోని లోపమును గాదు. మెదడు ఎదుగుదలలోని భేదము. దీనిని ఆటిజ మందురు. 1943లో లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లలను పరిశీలించి దీనిని వర్ణించెను. తల్లి ప్రేమ చాలకపోవుటయే దీనికి కారణమని కొంతకాలము పండితులే పలికిరి. ఆ మాట తప్పని పిమ్మట తేలినది.

దీనిని పూర్తిగా మాన్పు మందు లేదు. అయినను చిన్ననాడే గుర్తించి మాటయు, ఆటయు, నిత్యకృత్యములును ఓపికతో నేర్పినచో మేలు కలుగును. కావున ఆలస్యము తగదు.

టైడా వంటి కొండయూళ్లవారు మొదట అంగన్‌వాడీ కార్యకర్తకుగాని, ఆశా కార్యకర్తకుగాని తెలుపవలెను. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్యబృందములు అంగన్‌వాడీలలోను పాఠశాలలలోను పిల్లలను పరీక్షించి, అవసరమైనవారిని పై వైద్యమునకు పంపును. రైలులో విశాఖపట్టణము చేరినచో అచ్చటి ప్రభుత్వ మానసిక వైద్యశాలలో సలహా పొందవచ్చును. బుద్ధిమాంద్యము కూడ నున్నచో, 1984లో సికింద్రాబాదున నెలకొల్పబడిన జాతీయ సంస్థ తోడ్పడును. దిగులుతో క్రుంగిన తలిదండ్రులు 14416 అను టెలిఫోను సంఖ్యకు ఉచితముగా మాటలాడవచ్చును.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఆటిజమును గుర్తించినది. ధ్రువపత్రము పొందిన బిడ్డకు 6 మొదలు 18 ఏండ్ల వరకు ఉచితవిద్య హక్కు.

విద్యార్థులారా! అట్టి సహాధ్యాయిని పరిహసింపకుడు. అతడు మాటలాడకున్నను మన మాట వినుచుండవచ్చును. అతని ప్రక్కన కూర్చుండుటయే మనము చేయదగిన మొదటి సహాయము.