ఆరంభశూరత్వము

ఆంధ్రులు ఆరంభశూరులని యొక నానుడి కలదు. స్వంత ముచ్చటకై కంప్యూటరు ప్రోగ్రాము వ్రాయబూనిన వారికి, వారే దేశస్థులైనను, ఈ నింద వర్తించును. తొలి వారము నిద్రాహారములు గుర్తుకు రావు. మలి మాసమున ఆ ఫైలును తెరచి చూచువాడు లేడు. పని యేమైనదని అడుగు యజమాని లేడు, గడువు లేదు. ఆగిపోయినను నష్టపడువారు కనబడరు.

ఇట్టి వేళ అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు డొనాల్డ్ క్నూత్ కథ స్మరింపదగినది. 1977లో తన గ్రంథము రెండవ సంపుటపు క్రొత్త కూర్పునకు వచ్చిన ప్రూఫులలో అక్షరముల వికారము చూచి, పుటలను తీర్చిదిద్దు ప్రోగ్రామును తానే వ్రాయ సంకల్పించెను. దానికి ‘టెక్’ అని పేరు. 1978లో ముగియునని తలచెను. తొలిరూపము నడచినది గాని తృప్తి నీయలేదు. 1982 నాటికి మొదటినుండి తిరిగి వ్రాసెను. అది స్థిరపడుసరికి 1989 వచ్చినది!

తొలినాటి ఉత్సాహము పన్నెండేండ్లు నిలుచునా? ఆయన పుస్తకమే ఆ పనికై ఎదురుచూచుచుండెను. 1981లో ఆ సంపుటము టెక్‌తోనే అచ్చయినది. దొరలిన తప్పులను చిట్టా వ్రాసికొనెను. తుదకు, ఇక క్రొత్త సౌకర్యములు చేర్పను, తప్పులు మాత్రమే దిద్దుదునని గిరి గీచికొనెను.

ఇంతటితో చాలునని చెప్పగలిగిననాడే పని ముగియును. పాఠకులారా! సగములో విడిచిన వానిలో నొకదానిని తెరచి, రేపు మీకే అక్కరకు వచ్చు చిన్న భాగమును నేడు పూర్తిచేయుడు. ఆ నింద కొంతైనను తొలగును.