లేసులు లేని బూటు కాలినెలా పట్టుకుంటుంది?

"లేసుల్లేవు గద సార్, నడుస్తుంటే ఎందుకు ఊడిపోతలేదు?" జనగామలో ఘర్షణ పాఠం చెబుతుంటే, నా లోఫర్లు చూసి ఒక పిల్లాడు అడిగాడు. చాలా మంచి ప్రశ్న. ఘర్షణ అంటే సగం జవాబే.

లేసుల బూటును ఎవరి కాలికి తగ్గట్టు వాళ్లు బిగించుకోవచ్చు. లోఫర్‌లో ఆ బిగువంతా తయారీలోనే పెట్టేయాలి. అందుకే దాన్ని తయారుచేసే కాలి ఆకారపు అచ్చు మీగాలి దగ్గర పల్లంగా, మడమ దగ్గర సన్నగా ఉంటుంది. మెత్తబరచిన తోలును అచ్చు మీదికి లాగి బిగించి, అలాగే ఆరనిస్తారు. ఇక తోలు ఆ ఆకారాన్ని మరిచిపోదు. కాలు దూర్చగానే కాస్త సాగుతుంది, వెంటనే పాత ఆకారానికి రావాలని చూస్తుంది. మీగాలి మీద పడే ఆ నొక్కుడే ఇక్కడ లేసు. వెనక గట్టి తోలు దొప్ప మడమను పట్టుకుంటుంది.

తోలుకు ఆ గుణం ఎక్కడిది? తోలంతా కొలాజెన్ అనే ప్రొటీన్ పోగులు. పచ్చి తోలు తడిస్తే కుళ్లుతుంది, ఆరితే అట్టలా బిగుస్తుంది. చెట్ల బెరడులోని టానిన్లు అనే పదార్థాలు ఈ పోగుల మధ్యకు చేరి వాటిని ఒకదానితో ఒకటి ముడివేస్తాయి. మన ఊళ్లలో ఈ పని తంగేడు బెరడు చేసేది. అవును, బతుకమ్మలో పేర్చే తంగేడే! పచ్చి తోలు 60–65 డిగ్రీల వేడినీళ్లలోనే ముడుచుకుపోతుంది. బెరడుతో పదును చేసింది 75–85 దాకా ఓర్చుకుంటుంది, క్రోమియం లవణాలతో చేసింది 100 డిగ్రీలనూ. తెనాలి దగ్గరి యలవర్రులో పుట్టి, మద్రాసు కేంద్ర తోలు పరిశోధన సంస్థకు డైరెక్టరైన యలవర్తి నాయుడమ్మ గారి రంగం ఇదే.

అడుగు వేసినప్పుడల్లా మడమ పైకి లేస్తుంది. దాంతోపాటు సోలు వంగకపోతే బూటు అక్కడే ఆగిపోయి మడమ జారిపోతుంది. 1858లో లైమన్ బ్లేక్ పేటెంటు పొందిన యంత్రం బూటు లోపలి నుంచే ఒక్క వరుస కుట్టుతో పైతోలును, సోలును కలిపేసింది. పలచని సోలు, తేలిగ్గా వంగుతుంది. లోఫర్‌కు కావలసింది సరిగ్గా అదే.

తర్వాతి కథ చిన్నదే. 1930 ప్రాంతంలో నార్వేలోని ఆర్లాండ్‌లో నిల్స్ ట్వెరాంగర్ లోఫర్ నమూనా తెచ్చాడు. 1936లో అమెరికాలో బాస్ కంపెనీ, 1953లో ఇటలీలో గూచీ తమ తమ లోఫర్లను మార్కెట్లోకి దించాయి.

ఆఫీసుకు, ఇంటర్వ్యూకు, పెళ్లికి నిశ్చింతగా వేసుకోండి. గడప బయట విడిచి లోపలికెళ్లే మన ఇళ్లకు ఇంతకన్నా అనువైన బూటు లేదు. భూపాలపల్లి బొగ్గుగనిలో మాత్రం రక్షణ బూట్లే ఉండాలి. వానాకాలం మహబూబాబాద్ పొలాల గట్ల మీదా లోఫర్లు వద్దు. నానిన తోలు సాగి, మీగాలి పట్టు వదులవుతుంది. కొనేటప్పుడు కాళ్లు కాస్త ఉబ్బి ఉండే సాయంత్రం వెళ్లండి, కొంచెం బిగువుగా ఉన్నవే తీసుకోండి. ఎప్పుడైనా తడిస్తే లోపల కాగితాలు కుక్కి నీడన ఆరబెట్టండి. పొయ్యి దగ్గర పెడితే పోగులు ముడుచుకుని, అచ్చు ఇచ్చిన ఆకారం పోతుంది.