చర్చి బియ్యం పుచ్చుకుంటే కులపత్రం పోతుందా?

మంగంపేట (ఓబులవారిపల్లె): ముగ్గురాయి గనులను, పొడి మిల్లులను నమ్ముకున్న కూలి కుటుంబాలకు మిల్లు ఆగితే పొయ్యి ఆగినట్లే. ఆహార భద్రతా చట్టం కింద తలకు నెలకు 5 కిలోల బియ్యం ఉచితంగా అందుతున్నా పప్పు, నూనె, చింతపండు కొనేందుకు చేతిలో డబ్బుండాలి. ఇంటిపెద్ద మంచాన పడినా, పనిలేని వారాలు వరుసగా వచ్చినా ఆ లోటు పెద్దదే. ఇటువంటి సమయాల్లో చర్చిలు పేదలకు సరుకులు పంచడం రాయలసీమకు కొత్త కాదు. 2020 లాక్‌డౌన్‌లోనూ దేశవ్యాప్తంగా పలు చర్చిలు ఈ పని చేశాయి. అయితే ఆ సంచి అందుకుంటే క్రైస్తవులుగా లెక్కకట్టి ఎస్సీ ధ్రువపత్రం రద్దు చేస్తారేమోనన్న జంకు దళిత కుటుంబాలకు కలగడం సహజం.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, ఆపై సవరణల ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకే ఎస్సీ హోదా వర్తిస్తుంది. క్రైస్తవం స్వీకరించిన ఎస్సీలను ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సిగా పరిగణిస్తారు. ఉత్తర్వు చూసేది అవలంబించే మతాన్నే గాని, ఎవరిచ్చిన బియ్యం వండుకున్నారన్నది కాదు. రేషన్ కార్డుకైతే మతంతో నిమిత్తమే లేదు.

కూటి కోసం మతం మారారన్న నింద మాత్రం చాలా పాతది. 1876-78 నాటి ధాత కరవు కర్నూలు సీమను ఊడ్చేసింది. 1871, 1881 జనాభా లెక్కల నడుమ ఆ జిల్లాలో సుమారు నాలుగో వంతు జనం తరిగిపోయారు. పొరుగున ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వకాన్ని గుత్తకు తీసుకుని, ఆకలిగొన్న వారికి పనిచ్చి కూలి చెల్లించారు. అన్నం కోసమే వచ్చారన్న మాట రాకూడదని కరవు సాయం సాగినన్నాళ్లు బాప్తిస్మాలు నిలిపివేశారు. బోధ మాత్రం ఆపలేదు సుమా! సాయం ముగిశాక 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. దానికి కారణం విశ్వాసమా, కరవులో దక్కిన ఆదరణా అన్న వాదన నేటికీ తెగలేదు.

నేడు సరుకులు తీసుకునేవారు గమనించవలసింది కాగితాన్నే. సంచి ముట్టినట్లు రసీదుపై వేలిముద్ర వేయడం వేరు, మతమార్పిడి అంగీకారపత్రంపై వేయడం వేరు. చదువురానివారు తమవారి చేత చదివించుకున్నాకే వేలు పెట్టడం మేలు. చర్చి సాయం అందిందన్న సాకుతో డీలరు రేషన్ నిలిపే వీలు లేదు. అలా జరిగితే 1967 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చు.