ఒకే అడవి, రెండు చట్టాలు

భద్రాచలం ఏజెన్సీలో కోయ రైతు దగ్గర గిరిజనేతరుడు ఎకరం భూమి కొంటే అది చట్టం ముందు చెల్లదు. అదే రైతు రిజర్వు అడవిలో కొత్తగా పోడు కొడితే అదీ నేరమే. మొదటి చట్టాన్ని ఇంకా గట్టిగా అమలు చేయండని గిరిజన సంఘాలు దశాబ్దాలుగా పోరాడుతున్నాయి. రెండో చట్టాన్ని అదే గిరిజనులు తరతరాలుగా ధిక్కరిస్తూ వచ్చారు. పైకి చూస్తే ఇది తమకు నచ్చిన చట్టాన్ని పట్టుకుని నచ్చనిదాన్ని వదిలేయడంలా కనిపిస్తుంది. కానీ సమాజానికి కఠిన నియమాలు కావాలా, వాటిని మీరడానికి విలువ ఉందా అనే ప్రశ్నకు జవాబు ఈ రెండు చట్టాల తేడాలోనే దొరుకుతుంది.

ముందు భూమి చట్టం సంగతి. గోదావరికి ఒక ఒడ్డున పాల్వంచ నిజాం ఏలుబడిలో ఉంటే, రెండో ఒడ్డున భద్రాచలం మద్రాసు ప్రభుత్వం కింద ఉండేది. అప్పులిచ్చే సాహుకార్ల చేతుల్లోకి గిరిజనుల భూములు పోతున్నాయని 1917లోనే మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీలో భూ బదిలీలకు అడ్డుకట్ట వేసింది. 1959లో కొత్త నిబంధన వచ్చింది. 1963లో దాన్ని తెలంగాణ ఏజెన్సీకీ వర్తింపజేశారు. 1970లో బిగించారు. జనం నోట 1/70గా నిలిచిపోయింది ఈ సవరణే. దీని ప్రకారం ఏజెన్సీలో ఒక గిరిజనేతరుడు తన భూమిని ఇంకో గిరిజనేతరుడికి కూడా అమ్మకూడదు. గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే అది గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవలసిన బాధ్యత అతనిదే. ఈ నిబంధనను 1988లో సుప్రీంకోర్టు సమర్థించింది.

ఇంత కఠినం ఎందుకు? ఆకలితో, అప్పుతో ఉన్నవాడు ‘ఇష్టపడి అమ్మాను’ అని వేలిముద్ర వేస్తే ఆ ఇష్టానికి అర్థం లేదు కాబట్టి. ఈ చట్టాన్ని మీరే పద్ధతి చూడండి. తెల్లకాగితం మీద ఒప్పందం రాయించుకుంటారు. పట్టా గిరిజనుడి పేరునే ఉంటుంది, పంట మాత్రం వేరొకరి ఇంటికి చేరుతుంది. సొంతదారు తన చేలోనే కూలికి వెళతాడు. ఇక్కడ నియమం సడలితే లాభపడేది బలవంతుడే.

ఇక అడవి చట్టం. వేసవిలో పొదలు, చెట్లు కొట్టి, ఎండాక కాల్చి, తొలకరికి జొన్న, సామ, కంది చల్లుకుని, కొన్నేళ్లకు ఆ చెలకను వదిలి మరో చోటికి మారడం పోడు. కొండరెడ్లు, కోయలు దీనితోనే బతికారు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక రిజర్వుగా ప్రకటించిన అడవిలో ఇది నేరమైపోయింది. అడవిలో బతికేవాళ్లను ఎవరూ అడగలేదు. 1922 నుంచి 1924 దాకా అల్లూరి సీతారామరాజు నడిపిన మన్యం తిరుగుబాటుకు ఈ ఆంక్షలు, రోడ్ల పనుల్లో వెట్టి ప్రధాన కారణాలు. స్వాతంత్ర్యం వచ్చాకా పోడు ఆగలేదు. కేసులు పెట్టారు, పంటలు పీకేశారు, కందకాలు తవ్వారు. జనం జైలుకు వెళ్లొచ్చి మళ్లీ అదే చేలో నాగలి పెట్టారు.

ఆ ధిక్కారం వృథా కాలేదు. 2006లో పార్లమెంటు అటవీ హక్కుల చట్టం చేసింది. అడవి బిడ్డలకు చారిత్రక అన్యాయం జరిగిందని ఆ చట్టమే ఒప్పుకుంది. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్న గిరిజన కుటుంబానికి గరిష్ఠంగా 4 హెక్టార్ల దాకా హక్కు ఇచ్చింది. హక్కు తేల్చే పని గ్రామసభ దగ్గరే మొదలవ్వాలంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో సుమారు 1.51 లక్షల మందికి 4.06 లక్షల ఎకరాల పోడు పట్టాలు ప్రకటించింది. వాటిలో పెద్ద వాటా భద్రాద్రి కొత్తగూడెం జిల్లాదే.

అలాగని మీరినదంతా మంచిదైపోదు. 2022 నవంబరులో ఇదే జిల్లా చండ్రుగొండ మండలంలో మొక్కల తోటను కాపాడబోయిన అటవీ రేంజ్ అధికారిని గుత్తికోయలు నరికి చంపారు. 2023లో కోర్టు ఇద్దరికి యావజ్జీవ శిక్ష వేసింది. ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం సాయుధ దళాలు నడిచిన రోజుల్లో ఊళ్లు వదిలి వచ్చిన కుటుంబాలు ఎన్నో గుత్తికోయల్లో ఉన్నాయి. అటవీ హక్కుల చట్టం పెట్టిన 2005 గడువు తేదీ వాళ్లలో చాలామందికి అడ్డుగోడ. ఆ కష్టం నిజమే. అయినా విధుల్లో ఉన్న మనిషి ప్రాణం తీయడాన్ని ఏ కష్టమూ సమర్థించదు. గడువు లేకపోతే కొత్త నరుకుడుకు హద్దుండదన్నదీ నిజమే.

అడవిలో బతికేవాళ్లు నియమాలే వద్దనేవాళ్లు కారు. కొత్తల పండుగ చేసి దేవతకు పెట్టేదాకా కొత్త పంట నోట పెట్టకూడదని కోయ ఊళ్లలో కట్టుబాటు. పెద్దలు, పూజారి, ఊరు కలిసి నిలబెట్టుకున్న నియమం అది. అందరికీ ఒకటే. తాము భాగమైన కట్టుబాటును జనం ఎంత నిష్ఠగా పాటిస్తారో చెప్పడానికి ఇది చాలు.

కాబట్టి ఏదైనా నియమాన్ని తూచేటప్పుడు అది ఎవరిని కాపాడుతోందో, దాన్ని చేసేటప్పుడు ఎవరిని అడిగారో చూడాలి. మీరినవాడు బాహాటంగా మీరి శిక్షకు తలొగ్గాడా, తెల్లకాగితం చాటున మీరి లాభం మూటగట్టుకున్నాడా అన్నదీ చూడాలి. బలహీనుణ్ణి కాపాడే నియమం ఎంత కఠినంగా ఉంటే అంత మేలు. బలహీనుణ్ణి అడగకుండా అతని మీద రుద్దిన నియమాన్ని ధిక్కరించడం తప్పు కాదు. కానీ ఆ ధిక్కారం చివరకు అందరికీ వర్తించే మరో మంచి నియమంగా నిలవాలి. పోడు పోరాటం సాధించింది అదే.

ఆ హక్కు కాగితాల్లోనే ఉండిపోకుండా చూడటం ఇప్పటి పని. గ్రామసభ తీర్మానం మీద అభ్యంతరం ఉంటే 60 రోజుల్లో సబ్ డివిజన్ కమిటీకి, దాని నిర్ణయం మీద మళ్లీ 60 రోజుల్లో జిల్లా కమిటీకి వెళ్లే వీలుంది. మీ ఊళ్లో దరఖాస్తు తిరస్కరణకు గురైనవాళ్లు ఉంటే ఈ సంగతి తప్పక చెప్పండి.